జీమ్యాట్ కోర్సుకి డబ్బు కట్టే ముందు

ఉద్యోగంలో కుదురుకుని ఎంబీఏ వైపు చూసేవాళ్లు, దాని ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి ముందుగా అడిగేది ఏ కోర్సు మంచిదని. ఆ ప్రశ్నని ఒక నెల వాయిదా వేయండి. కోర్సు అవసరమో కాదో మీరు రాసుకునే ఎర్రర్ లాగే, అంటే మీ తప్పుల పట్టికే చెబుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

పరీక్ష పెట్టేవాళ్ల సైట్‌లోనే రెండు మాక్ టెస్టులు ఉచితంగా దొరుకుతాయి. ఏమీ చదవకుండానే మొదటిది రాసేయండి. క్వాంట్‌లో (లెక్కలు) 21 ప్రశ్నలు, వెర్బల్‌లో (ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, తర్కం) 23, డేటా ఇన్‌సైట్స్‌లో (పట్టికలు, గ్రాఫుల్లోని సమాచారం తేల్చడం) 20, ఒక్కో సెక్షన్‌కి 45 నిమిషాలు. మధ్యలో 10 నిమిషాల బ్రేక్ ఒక్కటే. మాక్‌ని ముక్కలుగా రాయకండి, రెండుంపావు గంటలు ఏకబిగిన కూర్చోండి. రెండో మాక్‌ని నెల తర్వాతకి దాచుకోండి. రాసిందే మళ్లీ రాస్తే చూసిన ప్రశ్నలే తగిలి స్కోరు ఊరికే పెరుగుతుంది. అది చూసి పరీక్ష తేదీ బుక్ చేసుకుంటే దెబ్బతింటారు.

వచ్చిన స్కోరుని పాతవాళ్ల స్కోర్లతో పోల్చుకుని కంగారుపడొద్దు. ఇప్పటి స్కేల్ 205 నుంచి 805 వరకు, స్కోరు ఎప్పుడూ 5తోనే ముగుస్తుంది. ఇప్పటి 645 ఇంచుమించు అప్పటి 700తో సమానం. పాత పరీక్ష 2024 జనవరితో పోయింది, దాంతోపాటే సెంటెన్స్ కరెక్షన్, ఎస్సే, క్వాంట్‌లోని జామెట్రీ పోయాయి. సీనియర్లు ప్రేమగా చేతిలో పెట్టే పుస్తకాల్లో అవన్నీ ఉంటాయి. అవి చదివితే నెలలు వృథా.

ఇక అసలు పని. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకీ ఎర్రర్ లాగ్‌లో నాలుగు గడులు రాయండి: ప్రశ్న రకం, పట్టిన టైమ్, మీరు ఎంచుకున్న జవాబు, తప్పు ఎందుకు జరిగింది. ప్రాణమంతా నాలుగో గడిలోనే ఉంది. ఒక డేటా సఫిషియెన్సీ ప్రశ్న చూడండి, ఇందులో ఇచ్చిన సమాచారం జవాబు తేల్చడానికి సరిపోతుందా లేదా అన్నదే చెప్పాలి. ఎక్స్, వై కంటే పెద్దదా? ఎక్స్‌ని వైతో భాగిస్తే 1 కంటే ఎక్కువ వస్తుందని మాత్రమే ఇచ్చారు. చాలామంది 'సరిపోతుంది' అంటారు. మైనస్ 4ని మైనస్ 2తో భాగించినా 2 వస్తుంది, కానీ అక్కడ ఎక్స్ చిన్నది. కాబట్టి సరిపోదు. ఇలాంటి చోట 'తొందరపడ్డాను' అని రాస్తే ఏ ఉపయోగమూ లేదు. 'నెగటివ్ నంబర్లు పెట్టి చూడలేదు' అని రాయాలి. అదే కారణం ఐదుసార్లు కనబడిందంటే మీకు కావలసింది ఆ టాపిక్ మీద ప్రాక్టీసు, కోర్సు కాదు.

వివరణ రెండుసార్లు చదివినా నాలుగో గడి ఖాళీగానే ఉండిపోతుంటే అప్పుడు మనిషి సాయం కావాలి. ఇది ఎక్కువగా వెర్బల్‌లోని క్రిటికల్ రీజనింగ్‌లో, అంటే ఒక చిన్న వాదన ఇచ్చి దాని బలాబలాలు అడిగే ప్రశ్నల్లో ఎదురవుతుంది. లోకంలో నిజమే అయినా, ప్రశ్నలోని వాదనని కదిలించని ఆప్షన్‌ని ఎంచుకుంటారు. తప్పెక్కడో తమకి తెలియదు, ఎదుటివాళ్లు వెంటనే పట్టేస్తారు. ఇబ్బంది ఈ ఒక్క రకం ప్రశ్నల్లోనే అయితే మొత్తం కోర్సు కొనకండి. గంటల లెక్కన ట్యూటర్‌ని పెట్టుకుని మీ లాగ్ ముందు పెట్టండి. ఇంజనీరింగ్ చేసి క్వాంట్‌లో బాగా చేస్తున్నవాళ్లు క్వాంట్ క్లాసులకి కూడా డబ్బు కట్టడం నాకు ఎప్పటికీ నచ్చదు.

నెల తర్వాత రెండో మాక్‌లో మూడు సెక్షన్లూ కదలకపోయినా, ఆఫీసు అయ్యాక పుస్తకం తెరిచిన రోజులే తక్కువైనా, కోర్సు మంచిదే. వారం వారం హోంవర్క్ అడిగేవాళ్లుంటే చదువు సాగే మనుషులుంటారు, అందులో తప్పేమీ లేదు. చేరే ముందు మాత్రం గట్టిగా అడగండి. లైవ్ క్లాసులు, డౌట్ సెషన్లు ఏ దేశపు టైమ్‌లో? మీరు విదేశంలో ఉంటే, మన దేశంలో సాయంత్రం జరిగే క్లాసు మీకు ఆఫీసు వేళో, అర్ధరాత్రో అయితే మీకు మిగిలేవి రికార్డింగులే. పాఠాలు ఇప్పటి పరీక్షకి తగ్గట్టు మార్చారా? డేటా ఇన్‌సైట్స్‌కి ఎన్ని గంటలు? స్కోర్ గ్యారంటీ ఉందంటే షరతుల కాగితం తెప్పించుకుని చదవండి. డబ్బు వాపసు ఇస్తారా, అదే కోర్సు మళ్లీ వినమంటారా, ఎన్ని క్లాసులు మానేస్తే గ్యారంటీ పోతుంది అన్నవి అందులోనే ఉంటాయి.

కోర్సయినా సొంత చదువైనా, చివర్లో ప్రశ్నలు వదిలేయడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు, దానికి స్కోరు కోస్తారు. ఒక ప్రశ్న మూడు నిమిషాలు దాటితే ఏదో ఒకటి పెట్టి, బుక్‌మార్క్ చేసి ముందుకెళ్లండి. సెక్షన్ చివర టైమ్ మిగిలితే మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు.

తేదీని అప్లికేషన్ గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. మళ్లీ రాయాలంటే కనీసం 16 రోజులు ఆగాలి, 12 నెలల్లో ఐదుసార్లకి మించి రాయనివ్వరు. గడువుకి ఆరు వారాల ముందు మొదటిసారి రాస్తే ఇంకోసారికి చోటుంటుంది. మీరు అనుకుంటున్న స్కూళ్లు అనుభవం చూసి టెస్ట్ వేవర్ (పరీక్ష నుంచి మినహాయింపు) ఇస్తాయేమో, జీమ్యాట్ బదులు జీఆర్ఈ అనే ఇంకో ప్రవేశ పరీక్ష స్కోరు తీసుకుంటాయేమో కూడా ఇవన్నీ మొదలుపెట్టకముందే వాళ్ల అడ్మిషన్స్ పేజీలో చూసేయండి.