గొప్ప పని చేసి కూడా నిరాడంబరంగా ఉన్న వ్యక్తిని మీరు ఎప్పుడైనా స్వయంగా కలిశారా?

కలిశాను. హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1969లో తయారుచేసిన పన్నెండు బిట్ల (ఒకటిగానో సున్నాగానో ఉండే అంకెల) టీడీసీ-12 కంప్యూటరు మీద పనిచేసిన ఇంజనీరు ఆయన. ఉద్యోగ విరమణ తరువాత గుంతకల్లులో మా వీధిలోనే కూతురి ఇంట ఉంటున్నా, ఆ సంగతి ఇరుగుపొరుగు ఎవరికీ తెలియదు. పేరు బయటపెట్టడం ఆయనకు ఇష్టముండదు గనుక నేనూ చెప్పను.

మా నాన్నగారు రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేశారు. నిజమైన రైలులో 87వ వంతు పరిమాణంలో బొమ్మ రైలు మార్గాన్ని మేడమీద నిర్మించుకున్న నాకు, ఇంజన్లకన్నా వాటిని నడిపించే నియంత్రణ మీదే మక్కువ ఎక్కువ. పాయింటు, అంటే బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల అమరిక, పూర్తిగా తిరిగితే తప్ప సిగ్నలు పచ్చ కాకుండా రిలేలతో (కరెంటుతో కదిలే స్విచ్చులతో) ఇంటర్‌లాకింగ్ అమర్చాను.

చూడవచ్చిన వారందరూ రైలు పరుగు చూస్తారు. ఆ ఇంజనీరు మాత్రం బల్ల కిందికి వంగి తీగల కట్టను చూసి, "ఏమప్పా, ఈ తీగ తెగితే సిగ్నలు ఏమైతాది?" అని అడిగారు. నేను ఆ తీగను లాగి చూపించాను. రిలేలోని కాయిల్‌కు (తీగచుట్టకు) కరెంటు ఆగగానే రిలే విడివడి ఎర్రదీపం వెలిగింది. ఆయన ముఖం విప్పారింది. ఆ తరువాత, బటన్ నొక్కి వదిలినా తన కాంటాక్టు (కరెంటును కలిపి విడదీసే భాగం) ద్వారానే కరెంటు తీసుకుంటూ నిలిచి ఉండే రిలేను చూపి, "ఇది గుర్తుపెట్టుకుంటాంది సూడు, ఇదే ఒక బిట్టు" అన్నారు. వరుసగా కలిపిన కాంటాక్టులు కంప్యూటరు తర్కంలో 'మరియు' అవుతాయనీ, పక్కపక్కన కలిపినవి 'లేదా' అవుతాయనీ నా సర్క్యూటు మీదే వేలు పెట్టి వివరించారు. భోజనానికి పిలవడానికి వచ్చిన ఆయన కూతురు చెప్పినప్పుడే ఆయన ఎవరో నాకు తెలిసింది. "పదిమంది చేసిన పనిలో నేనూ ఉంటి, అంతే" అని, మళ్లీ మూడో పాయింటు సంగతి ఎత్తారు.

ఈ రోజుల్లో ఈ అభిరుచిలోకి వచ్చేవారందరికీ ముందుగా డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్, బొమ్మ రైళ్లను అంకెల సందేశాలతో నడిపే పద్ధతి) కొనమనే సలహా ఇస్తున్నారు. అది అద్భుతమైన పద్ధతే. శక్తీ సందేశమూ ఆ రెండు పట్టాల మీదే ప్రయాణిస్తాయి. పట్టాల మీది వోల్టేజి తరంగంలో 58 మైక్రోసెకన్ల (సెకనులో పదిలక్షల వంతుల) చొప్పున రెండు సగాలు వస్తే ఒకటి, అంతకన్నా పొడవైన సగాలు వస్తే సున్నా. ప్రతి ఇంజనూ తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది. కానీ అన్నీ పెట్టెలో సిద్ధంగా దొరికితే లోపలి తర్కం ఎవరికి పడుతుంది? మా జిల్లాలో ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టులను దుకాణంలో కొని సమర్పించడం చూస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల మోడల్ రైలు క్లబ్బులో టెలిఫోన్ రిలేలతో సిగ్నళ్లు నడిపిన కుర్రవాళ్లే 1950ల చివర టీఎక్స్-0 కంప్యూటరు ముందు కూర్చున్నారు. అది యాదృచ్ఛికమంటే నేను ఒప్పుకోను. మూడేళ్ల తరగతి పాఠాలకన్నా ఒక పాయింటు, రెండు సిగ్నళ్లు, నాలుగు పన్నెండు వోల్టుల రిలేలు ఎక్కువ నేర్పుతాయి.

ప్రస్తుతం మేమిద్దరం ఏకమార్గం మీద రెండు స్టేషన్ల మధ్య బ్లాక్ పరికరం కడుతున్నాం. అవతలి స్టేషను లైన్ క్లియర్ (దారి ఖాళీగా ఉందన్న అనుమతి) ఇవ్వనిదే ఇవతలి స్టేషనులో బండి బయలుదేరే సిగ్నలు పచ్చ కాదు.