ఆఫీసు ఫోనుతో తొలి వారం

ప్రశ్న: మాది హనుమకొండ. ఒహాయోలో ఒక చిన్న కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఈమధ్యే చేరాను. నా బల్ల మీద ఇరవై బటన్ల ఫోను ఒకటి ఉంది. రిసీవరు ఎత్తడం, పెట్టడం తప్ప ఇంకేమీ తెలియదు, నేర్పినవాళ్లూ లేరు. చేతిలో సెల్‌ఫోను ఉండగా దీన్ని అంతగా పట్టించుకోవాలా? సెట్టింగులు నేనే మార్చుకోవచ్చా, ఎవరినైనా అడగాలా?

జవాబు: పట్టించుకోవాలి చెల్లెమ్మా. మాది కాజీపేట. అక్కడి నుంచి, పరకాల నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లల్ని చూస్తుంటాను. కంప్యూటర్‌లో ఏది అడిగినా క్షణాల్లో చేసి పెడతారు. ఆ నల్ల ఫోను మోగితే మాత్రం పక్క సీటు వైపు చూస్తారు. దానికి కారణం ఉంది. మన ఇళ్లలో ల్యాండ్‌లైన్ పోయి చాలా కాలమైంది, ఆఫీసు ఫోను మీద పనిచేసిన అనుభవం మీ తరానికి లేదు. ఇక్కడేమో సరుకు ఇచ్చేవాళ్లు, బ్యాంకువాళ్లు, చెక్కు రాలేదని గొడవపడేవాళ్లు అందరూ మీ డెస్క్ నంబరుకే చేస్తారు.

ముందు దాని తీరు తెలుసుకోండి. మీ బల్ల మీదిది విడి ఫోను కాదు. గోడకు బిగించిన పెట్టెలోనో, ఎక్కడో ఉన్న సర్వరులోనో ఉన్న చిన్న ఎక్స్ఛేంజికి అది ఒక కొస. యాభై బల్లలకు బయటి లైన్లు ఎనిమిదే ఉండవచ్చు. హనుమకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కినట్టు, ఖాళీ ఉన్న లైను ఎవరికి దొరికితే వాళ్లు వాడుకుంటారు. అందుకే చాలా ఆఫీసుల్లో బయటికి చేయాలంటే ముందు 9 కొట్టి లైను అడగాలి. లోపలివాళ్లకైతే మూడు నాలుగు అంకెల ఎక్స్‌టెన్షన్ చాలు.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఆ 9 దగ్గరే. ఇండియాకు చేయాలంటే 9, ఆ తర్వాత 011, ఆ తర్వాత 91. ఇందులో సున్నా సరిగా పడలేదనుకోండి, మీరు కొట్టింది 9, 1, 1 అవుతుంది. అంటే అత్యవసర సేవలకు వెళ్లిపోయింది. అమెరికాలోనే వేరే ఊరికి చేసేటప్పుడు 9 తర్వాత 1 కొడతాం కదా, ఆ ఒకటి రెండుసార్లు పడినా అంతే. ఈ బాధ పడలేకే కొన్ని కంపెనీలు 9 తీసేసి బయటి లైనుకు 7 గానీ 8 గానీ పెట్టుకున్నాయి. మీ దగ్గర ఏ అంకె ఉందో మొదటి రోజే అడగండి.

పొరపాటున 911కి తగిలితే చటుక్కున రిసీవరు పెట్టేయకండి. భయంతో అందరూ చేసే పని అదే. పెట్టేస్తే అవతలివాళ్లు తిరిగి ఫోను చేస్తారు, ఎవరూ ఎత్తకపోతే పోలీసు కారు గుమ్మం ముందుకు రావచ్చు. లైన్లోనే ఉండి, పొరపాటున కలిసింది, ఇక్కడ అందరం క్షేమం అని చెప్పండి. వాళ్లు చిరునామా అడిగితే చెప్పండి. కోప్పడరు.

నిజంగా ఆపద వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఇంకా ముఖ్యం. 2013 డిసెంబరులో టెక్సస్‌లోని మార్షల్ ఊళ్లో, ఒక మోటల్ గదిలో కారీ హంట్ అనే ఆమె మీద దాడి జరిగింది. తొమ్మిదేళ్ల కూతురు గది ఫోనులో 911కి పదేపదే ప్రయత్నించింది. ఆ ఫోనులో ముందు 9 కొట్టాలని ఆ పసిదానికి తెలియదు. తల్లి బతకలేదు. తాత పట్టుబట్టి చేసిన పోరాటం ఫలితంగా 2018లో కారీ పేరుతో చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత తయారైన, అమ్మిన, బిగించిన ఫోను వ్యవస్థల్లో ముందు ఏ అంకే లేకుండా 911 నేరుగా కలవాలి. అంతకు ముందు బిగించిన పాత పెట్టెలకు ఆ నిబంధన వర్తించదు. మీది చిన్న కంపెనీ అంటున్నారు కాబట్టి, మీ ఫోను ఏ కాలం నాటిదో, 911 నేరుగా కలుస్తుందో లేదో ఫోన్లు చూసే వ్యక్తిని తప్పకుండా అడగండి. తెలుసుకోవడానికి మీరే కొట్టి చూడకండి. వేగంగా దొరుకుతుందని 911ని ఒక బటన్ మీద పెట్టుకోవడమూ వద్దు, మోచెయ్యి తగిలినా వెళ్లిపోతుంది. ఇంటి నుంచి ల్యాప్‌టాప్‌లోనే ఆఫీసు ఫోను వాడే రోజులుంటే, అందులో మీ ఇంటి చిరునామా నమోదై ఉండాలి. మన పిల్లలు లీజు అయిపోగానే అపార్టుమెంటు మారుతుంటారు. అప్పుడు దాన్నీ మార్చుకోకపోతే అంబులెన్సు పాత ఇంటికి పోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఎవరు ఏది మార్చవచ్చు అన్నది. మోగే తీరు, శబ్దం, వాయిస్‌మెయిల్ (మీరు ఎత్తనప్పుడు అవతలివాళ్ల మాటలు రికార్డు చేసి ఉంచే పెట్టె) పలకరింపు, దాని పిన్, ఫార్వర్డింగ్, ఖాళీ బటన్ల మీద నంబర్లు, ఇవి మీ చేతిలో ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ నంబరు, తెర మీద కనిపించే పేరు, విదేశాలకు చేసే అనుమతి, మీరు లేనప్పుడు ఫోను ఎన్నిసార్లు మోగి వాయిస్‌మెయిల్‌కు వెళ్లాలన్నది, ఇవి సాధారణంగా అడ్మిన్ చేతిలో, అంటే ఆఫీసులో ఫోన్లు చూసే వ్యక్తి చేతిలో ఉంటాయి. వాటి కోసం గంటసేపు మెనూలు తిప్పడం దండగ, ఒక ఈమెయిలు పెడితే చాలు.

అడ్మిన్‌తో చేయించుకోవలసిన వాటిలో మొదటిది పేరు. ఇది ప్రత్యేకంగా మనకొచ్చిన తిప్పలు. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చినవాళ్లలో పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు కొందరు ఉంటారు. అప్పుడు వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. కంపెనీ ఆ కాగితాలు చూసే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. రేపు మీరు ఎవరికి ఫోను చేసినా అవతలి తెర మీద ఎఫ్‌ఎన్‌యూ అని వెలుగుతుంది.

పేరుతో వెతికే డైరెక్టరీది మరో తమాషా. బయటివాళ్లు కంపెనీ నంబరుకు చేస్తే, మీకు కావలసిన వ్యక్తి ఇంటిపేరులోని మొదటి మూడు అక్షరాలు నొక్కండి అంటుంది గొంతు. ఇంగ్లిషు అక్షరాలు అంకెల బటన్ల మీదే ఉంటాయి. ఆర్, ఈ, డి అంటే 7, 3, 3. మన రాష్ట్రాల వాళ్లు ఎక్కువగా ఉన్న కంపెనీలో 733 నొక్కి చూడండి, రెడ్లందరూ వరసగా హాజరు పలుకుతారు. రావులకు 726. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రాసే మన పద్ధతి వల్ల ఎవరిని ఏ అక్షరాల కింద పెట్టారో ఒక్కోసారి వాళ్లకే తెలియదు. మిమ్మల్ని ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే తెర మీదా డైరెక్టరీలోనూ ఉండాలని అడ్మిన్‌కు రాయండి. సర్టిఫికెట్లలో పేరు మార్చినట్టేమీ కాదు, భయం లేదు. డైరెక్టరీ కోసం మీ గొంతుతో పేరు రికార్డు చేయమంటారు. పేరుకూ ఇంటిపేరుకూ మధ్య కాస్త ఆగి, నిదానంగా చెప్పండి. విన్నవాళ్లు దాన్ని బట్టే మిమ్మల్ని పలకడం నేర్చుకుంటారు.

వాయిస్‌మెయిల్ పిన్‌ను మొదటి రోజే మార్చండి. కొత్త ఖాతాలకు ఇచ్చే పిన్ తరచుగా మీ ఎక్స్‌టెన్షన్ నంబరో, 1234 వంటిదో అయి ఉంటుంది. దొంగలకు ఆ సంగతి బాగా తెలుసు. బయటి నుంచి ఫోను చేసి, పిన్ ఊహించి మీ పెట్టెలో దూరతారు. అక్కడి నుంచి బయటికి ఫార్వర్డ్ చేసే వీలుంటే కంపెనీ ఖర్చుతో విదేశాలకు మాట్లాడుకుంటారు. ఇది ఎక్కువగా శని, ఆదివారాల్లో, సెలవుల్లో జరుగుతుంది. సోమవారం నాడు బిల్లు చూసినవాళ్లు ముందు అడిగేది మీ ఎక్స్‌టెన్షన్ ఎవరిదని. పుట్టిన సంవత్సరం కూడా పెట్టకండి. రికార్డు గొంతు పౌండ్ కీ నొక్కమంటే మనం హ్యాష్ అనేది నొక్కాలి.

పలకరింపు పొట్టిగా ఉండాలి. పేరు, విభాగం, తిరిగి ఎప్పుడు ఫోను చేస్తారో, తొందర ఉంటే ఎవరిని అడగాలో. సున్నా నొక్కమని చెప్పే ముందు, మీ ఆఫీసులో సున్నా నొక్కితే మనిషి పలుకుతాడో లేదో చూసుకోండి. బతుకమ్మకో పెళ్లికో ఇంటికి వెళ్లేటప్పుడు అసలు పలకరింపును చెరిపేయకుండా తాత్కాలిక పలకరింపు పెట్టుకునే వీలు చాలా వ్యవస్థల్లో ఉంది. తిరిగి వచ్చాక తీసేయాలి మరి. దసరా సెలవు సందేశం క్రిస్మస్ దాకా మోగిన ఫోన్లున్నాయి. ఇంకొకరి వాయిస్‌మెయిల్‌లో మీరు నంబరు వదిలేటప్పుడు మన అలవాటు ప్రకారం డబుల్ ఎయిట్, ట్రిపుల్ టూ అనకండి. ఒక్కో అంకె విడిగా, మూడు, మూడు, నాలుగు అంకెల గుంపులుగా, రెండుసార్లు చెప్పండి.

ఇక బటన్లు. ఫోను వెనకో అడుగునో మోడల్ పేరున్న చీటీ ఉంటుంది, దాని పేరుతో వెతికితే వాడుక పుస్తకం దొరుకుతుంది. మోడల్ తెలియకుండా స్నేహితుడు చెప్పిన కోడ్లు కొట్టి లాభం లేదు, ఒక కంపెనీ కోడు ఇంకో కంపెనీ పెట్టెకు అర్థం కాదు. ఇరవై బటన్లు, చిన్న ఆఫీసు అన్నారు కాబట్టి నార్‌స్టార్ కావచ్చునని నా అనుమానం. దాన్ని చేసిన కెనడా కంపెనీ నార్టెల్ 2009లో దివాలా పిటిషన్ వేసింది, ఆ పెట్టెలు మాత్రం ఇంకా కొన్ని గోడల మీద నడుస్తూనే ఉన్నాయి. గట్టి సరుకు.

నార్‌స్టార్‌లో అంతా ఫీచర్ అనే బటన్‌తో మొదలవుతుంది. ఫీచర్, స్టార్, 0 నొక్కి ఏ బటన్ నొక్కినా దాని మీద ఏముందో తెర మీద కనిపిస్తుంది. ముందు చేయవలసింది ఇదే. మీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పెట్టుకున్నవన్నీ అలాగే ఉంటాయి. బటన్ల పక్క ప్లాస్టిక్ పట్టీ కింద పెన్సిలుతో రాసిన కాగితపు ముక్క ఉంటుంది. దాని మీద వేర్‌హౌస్ అని ఉన్న బటన్ నొక్కితే ఎవరి పళ్ల డాక్టరుకో పోతుంది. కాగితం తీసేసి మీది రాసుకోండి. బయటి నంబరు పెట్టుకోవడానికి ఫీచర్, స్టార్, 1 నొక్కి, కావలసిన బటన్ నొక్కి, నంబరు కొట్టి, హోల్డ్ నొక్కాలి. లోపలి ఎక్స్‌టెన్షన్‌కైతే స్టార్ 1 బదులు స్టార్ 2. ఫీచర్ 4 ఫార్వర్డ్ చేస్తుంది, ఫీచర్ హ్యాష్ 4 దాన్ని రద్దు చేస్తుంది. ఫీచర్ 70 బదిలీ, ఫీచర్ 3 ముగ్గురి సంభాషణ, ఫీచర్ 981 వాయిస్‌మెయిల్. పక్కపక్క బల్లల మీద ఒకే మోత మోగుతుంటే ఫీచర్, స్టార్, 6 నొక్కి మీ మోత మార్చుకోండి.

సిస్కో వంటి కొత్త ఫోన్లలో ఈ కోడ్లు ఉండవు. తెర కింది బటన్లే పరిస్థితిని బట్టి మారుతుంటాయి, మాట్లాడుతున్నప్పుడు బదిలీ బటన్ వస్తుంది, పెట్టేస్తే పోతుంది. చాలా సెట్టింగులు కంప్యూటర్‌లో పేజీ తెరిచి మార్చుకుంటారు. శబ్దం బటన్ ఒక్కటే ఎక్కడైనా దాదాపు ఒకేలా పనిచేస్తుంది. మోగేటప్పుడు నొక్కితే మోత మారుతుంది, మాట్లాడేటప్పుడు నొక్కితే చెవిలో గొంతు మారుతుంది.

బదిలీ చేసేటప్పుడు ఒక మర్యాద ఉంది. అవతలి మనిషి ఎత్తాక, ఫలానావారు ఫలానా బిల్లు గురించి అడుగుతున్నారని చెప్పి అప్పుడు కలపండి. చెప్పకుండా నెట్టేస్తే ఫోను చేసినవాళ్లు కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

పదిమంది ఉన్న కాన్ఫరెన్సులో ఉండగా ఇంకో లైను మోగితే హోల్డ్ నొక్కకండి. చాలా వ్యవస్థల్లో హోల్డ్ నొక్కగానే సంగీతం మొదలవుతుంది. మీకు వినపడదు, మిగిలిన తొమ్మిదిమందికీ వినపడుతుంది, మీరు తిరిగి వచ్చేదాకా మీటింగు ఆగిపోతుంది. అలాంటప్పుడు మ్యూట్ చేసి, రెండో ఫోనును వాయిస్‌మెయిల్‌కు పోనివ్వండి.

సెలవులో వరంగల్ వెళ్తూ డెస్క్ ఫోనును ఇండియా నంబరుకు ఫార్వర్డ్ చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. చాలాచోట్ల వ్యవస్థ ఒప్పుకోదు, ఒప్పుకున్నా ప్రతి నిమిషం కంపెనీ లెక్కలో పడుతుంది. వాయిస్‌మెయిల్ ఈమెయిలుకు వచ్చేలా పెట్టించుకుంటే ఆ గొడవే లేదు. ఆఫీసు ఫోనులో ఇంటికి మాట్లాడటమూ అంతే. ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి ఏ నంబరుకు ఎంతసేపు మాట్లాడారో వ్యవస్థ రాసుకుంటుంది. సెల్‌ఫోను వాడుకోండి.

మీ నంబరు మాత్రం ఇంట్లో ఇచ్చి ఉంచండి, సెల్‌ఫోను స్విచ్ ఆఫ్ అయిన రోజున అమ్మానాన్నలు కంగారుపడకుండా. ముందు 00, ఆ తర్వాత 1, ఆపైన కంపెనీ పదంకెల నంబరు. ఒహాయోలో ఉదయం తొమ్మిదంటే అక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఎక్స్‌టెన్షన్ అడిగే ఇంగ్లిషు గొంతు విని పెద్దవాళ్లు ఫోను పెట్టేస్తారు. అందుకని నాన్నగారి సెల్‌ఫోనులో మీ పేరు సేవ్ చేసేటప్పుడు కంపెనీ నంబరు తర్వాత రెండు కామాలు పెట్టి, ఆ పక్కన ఎక్స్‌టెన్షన్ వేయమని తమ్ముడికి చెప్పండి. ఒక్కో కామాకు ఫోను రెండు మూడు సెకన్లు ఆగి, తర్వాత ఆ అంకెలు తనే కొడుతుంది. మీ కంపెనీ స్వాగత సందేశం పొడుగైతే మూడో కామా కూడా కావాలి.