దుబాయ్ పోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

దుబాయ్‌లో షట్టరింగ్ కార్పెంటర్ పని మాట్లాడుకున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. సెంట్రింగ్‌లో నీ పనితనం గురించి మేస్త్రీలు మెచ్చుకోవడం విన్నవాణ్ని, సంతోషం వేసింది. అయితే ఏజెంటు "ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ కంపెనీ వీసా కొట్టిస్తా" అన్నాడట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకు పైనే ఉండేలా చూసుకో. అప్పు చేయకు.

విజిట్ సంగతి మాత్రం నిదానంగా చదువు. నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి దేశం దాటే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది. పది పాసై ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, పరీక్షలు ఎగ్గొట్టినప్పుడు నిన్ను తిట్టింది ఇందుకే. సరే, అయిపోయింది. ఈసీఆర్ వాళ్లు అక్కడ పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ సైటులో ఆ అనుమతి (క్లియరెన్స్) తీసుకోవాలి. దానికి ఉద్యోగ వీసా, కంపెనీ ఒప్పందం, ప్రవాసీ భారతీయ బీమా కావాలి. బీమా రెండేళ్లకు 275 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు. విజిట్ మీద పోయేవాడికి ఇవేవీ ఉండవు. శంషాబాద్‌లో "చుట్టాల దగ్గరికి పోతున్నా" అని చెప్పమని ఏజెంటు నేర్పుతాడు, రిటర్న్ టికెట్ చేతిలో పెడతాడు. ఆఫీసరు ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే తడబడతావు, అక్కడి నుంచే వెనక్కి పంపుతారు. దాటిపోయావే అనుకో, విజిట్ మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం. ఉద్యోగివని చూపే కాగితం నీ దగ్గర ఉండదు గనుక, జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేవు. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. రెండు నెలలకు 3,000, అంటే నీకు చెప్పిన 1,200 జీతంలో రెండున్నర నెలల కష్టం. ఆ జరిమానా కట్టలేక, ఇంటికి రాలేక దాక్కుని బతికిన పిల్లలు మన జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎంతమందో నీకూ తెలుసు. పరంజా మీద కాలు జారితే ఏంటి గతి? ఉద్యోగ వీసా కాగితం చేతికి రానిదే విమానం ఎక్కనని ఏజెంటు ముఖం మీదే చెప్పు.

ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందా? ఈ-మైగ్రేట్ సైటులో ఆఫీసు పేరు, ఆర్‌సీ నంబరు (లైసెన్సు నంబరు) వెతుకు. ఊళ్లో తిరిగే సబ్-ఏజెంటుకు ఏ లైసెన్సూ ఉండదు, అతని చేతికి రూపాయి ఇవ్వకు. లైసెన్సున్నవాడు కూడా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400కు మించి తీసుకోకూడదు. రసీదు తీసుకో. వీసా ఖర్చు అక్కడి చట్టం ప్రకారం కంపెనీదే, దాని పేరుతో విడిగా అడిగితే ఇవ్వకు. హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది, అక్కడ ఒకసారి అడిగి చూడు.

ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం కాదు, బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం, ఎంతో చూడు. 1,200లో బేసిక్ 800 అని రాస్తే ఓవర్‌టైమ్ ఆ 800 మీదే లెక్క కడతారు. 800ను 30తో, మళ్లీ 8తో భాగిస్తే గంటకు 3.33, దానికి పావు వంతు కలిపితే 4.17 దిర్హాములు. బేసిక్కే 1,200 అయితే 6.25. వెనక్కి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే, మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున. పని పేరు దగ్గర "హెల్పర్" అని ఉంటే సంతకం పెట్టకు, కార్పెంటర్ అని మార్పించు. రూమ్, తిండి, సెలవు టికెట్ ఎవరివో కాగితం మీదే ఉండాలి.

ఇంకొకటి. ఎయిర్‌పోర్టులో గానీ, ఊళ్లో గానీ ఎవరి పచ్చడి పార్శిలూ తీసుకోకు, సొంత బంధువైనా సరే. అందులో ఏముందో నీకు తెలియదు, పట్టుబడితే జైలుకు పోయేది నువ్వే. అక్క కట్టిచ్చే మసాలాలో గసగసాలు లేకుండా చూడు, అక్కడ అవి నిషిద్ధం. మందులు తీసుకుపోతే డాక్టరు చీటీతో పాటు పెట్టుకో. పాస్‌పోర్టు కంపెనీ దాచుకుంటానంటే ఇవ్వకు, ఆ హక్కు వాళ్లకు లేదు.

అడ్వాన్సు కట్టకముందే ఏజెంటు ఆర్‌సీ నంబరు, ఆఫర్ లెటర్ ప్రతి పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. చూసి చెప్పేదాకా ఆగు నాయనా.

నీ మామ