దేవుళ్లతో మొదలుపెట్టకు, పోపులపెట్టెతో మొదలుపెట్టు

అమ్మలూ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఆ గరుత్మంతుడి బొమ్మ మాత్రం కొనకు. అది నకిలీదని నేననను, ఫొటో చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ పాత చెక్క సామాను పోగెయ్యడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దేవుళ్ల జోలికి పోకూడదు. పోపులపెట్టెలు, కుంచాలు, కవ్వాలు, వామనగుంటల పీటలు, కుంకుమ భరిణెలు, ఇలా రోజూ మనిషి చెయ్యి తగిలిన వాటిని ముందు కొను. కన్ను తయారయ్యేది వాటితోనే.

వాడిన వస్తువు అరగాల్సిన చోటే అరుగుతుంది. కుంచానికైతే అంచు, ఎందుకంటే ధాన్యం నిండాక పైన చేత్తోనో కర్రతోనో గీస్తారు. కవ్వానికి తాడు తిరిగిన చోట గాడి పడుతుంది. వామనగుంటల పీటకి గుంటల లోపల, చింతగింజలు తీసే వేళ్లు రాసుకున్న వైపు నునుపెక్కుతుంది. పాతదిలా కనపడాలని చేసేవాడికి ఇంత ఓపిక ఉండదు, అన్నివైపులా ఒకేలా గీకేస్తాడు. చెయ్యి దూరని సందులో కూడా నున్నగా ఉంటే అనుమానించు. పొగ చూరిన నలుపు కోసం టీ డికాషనో, పర్మాంగనేటో, బూట్ పాలిషో పట్టిస్తారు, కాబట్టి సిగ్గుపడకుండా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు.

పుచ్చు కన్నాలు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. పురుగు లోపల వంకరటింకరగా తొలుస్తుంది, అదే డ్రిల్లుతో వేసిన కన్నంలోకి సన్నటి తీగ పెడితే తిన్నగా దిగిపోతుంది. ఇంకోటి, పైన కన్నాలు కాకుండా పురుగు తొలిచిన దారే కాలవలాగా బయటికి కనిపిస్తోందనుకో, పురుగు పట్టిన పాత దూలాన్నో తలుపునో తర్వాత కోసి కొత్తగా చెక్కారన్నమాట. చెక్క పాతదే, బొమ్మే కొత్తది! భరిణెలాంటి గుండ్రటి వస్తువైతే దాని మూతి వెడల్పుని అటు ఒకసారి, ఇటు ఒకసారి కాగితం ముక్కతో కొలువు. కర్ర ఎండేకొద్దీ అన్నివైపులా సమానంగా కుంచించుకోదు, అందుకే పాత వాటిలో చాలామటుకు కొంచెం కోలగా తేలతాయి. ప్లస్ గుర్తు మర వచ్చింది 1930ల్లో, కాబట్టి తాతముత్తాతల పెట్టెకి ఆ మర ఉంటే కనీసం ఎప్పుడు బిగించారని అడుగు.

మన వైపు అమ్మేవాళ్లకి ఇంకో పాట ఉంది, 'ఇది మద్రాసు రోజుల నాటిదండీ' అంటారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. నిజంగా అప్పటిదే అయినా దానికి వందేళ్లు నిండాయని లేదు. ఆ వందేళ్ల లెక్క నాది కాదు, 1972 నాటి పురావస్తువుల చట్టానిది. వందేళ్లు దాటిన చెక్క శిల్పమైతే రిజిస్టర్ చేయించాలి, మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మీ అన్నకి పంపిస్తానన్నావు చూడు, ఆ ఆలోచన మానెయ్. కుంచమైనా సరే, వందేళ్లు దాటితే అంతే.

దేవుళ్లు వద్దనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడేవాళ్లు వేషానికి పెట్టుకునే నరసింహస్వామి ముఖాన్ని గుళ్లో పెట్టి పూజిస్తారు. అలాంటిది నీ డ్రాయింగ్ రూముకి వచ్చిందంటే ఎవరో ఊరికి చెప్పకుండా తెచ్చినట్టే. సవరల ఊళ్లలో పూజలో పెట్టిన కొయ్య బొమ్మలైనా అంతే. ఎంత చవగ్గా ఇస్తున్నా, చివరికి ఊరికే ఇస్తానన్నా ముట్టుకోకు.

ఇళ్లలో కొనేటప్పుడు ఆ ఇంటి ముసలమ్మతో మాట్లాడు. కొడుకు అటక మీంచి దింపి అమ్మేస్తాడు గానీ అది ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో, అందులో ఏం పోసుకునేవాళ్లో ఆవిడకే తెలుసు. అదంతా ఊరి పేరుతో సహా నోట్‌బుక్‌లో అక్కడే రాసుకో, ఇంటికొచ్చాక రాద్దామంటే సగం మర్చిపోతావు. ఆవిడ ఇవ్వనంటే బతిమాలకు. ఇక బేరం సంగతంటావా, షాపువాడి దగ్గర నీ ఇష్టం, ఇళ్లలో మాత్రం గీచిగీచి ఆడకు.

తెచ్చాక నీళ్లతో కడగకు, గరుకు కాగితం పెట్టకు, వార్నిష్ అసలే వద్దు. ఏటికొప్పాక భరిణెల్లాంటి లక్క రంగు సామాను స్పిరిట్‌తో తుడిస్తే రంగంతా గుడ్డకొచ్చేస్తుంది, మెత్తటి పొడిబ్రష్ చాలు. వస్తువు కింద నల్లకాగితం పరిచి ఓ వారం వదిలెయ్. సన్నటి పిండి రాలితే లోపల పురుగు బతికే ఉంది. రంగుల్లేని చిన్న వస్తువైతే పాలిథిన్ కవర్లో గాలి లేకుండా చుట్టి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచు. తీశాక ఒక రోజంతా కవరు విప్పకు, విప్పితే చెమ్మ చేరుతుంది. రంగులున్నది ఫ్రీజర్లో పెట్టకు, పెచ్చులూడుతుంది, దాన్ని మిగతావాటికి దూరంగా ఉంచి నాకు ఫోన్ చెయ్. పప్పుల డబ్బాల పక్కన పురుగు కొయ్యేమిటని మీ అత్తగారు గొడవ చేస్తే పర్లాకిమిడి బస్సులో ఎవరైనా తెలిసినవాళ్లతో పంపించు, మా ఫ్రిజ్‌లో చోటు చేస్తాను.

మీ మావయ్య