భాగ్యరెడ్డి వర్మకు బెజవాడతో సంబంధం ఏమిటి?

ఆయన హైదరాబాద్‌కు చెందిన దళిత నాయకుడు. 1888లో పుట్టారు, అసలు పేరు మాదరి భాగయ్య. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి మరీ దళితవాడల్లో చైతన్యం తెచ్చారు. కానీ ఆయన పేరు ఆంధ్ర ప్రాంతమంతా మోగింది మాత్రం మా బెజవాడ నుంచే.

దళితులను అప్పట్లో 'పంచములు' అనేవారు. 1917 నవంబరులో ఇక్కడ పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు ఆయనే. పురాణాల్లో ఎక్కడా లేని 'పంచమ' అనే మాట మనకెందుకని, ఈ నేలకు మొదటి బిడ్డలం మనమేనని వాదించారు. ఆ సభే 'ఆది ఆంధ్ర' సభగా పేరు మార్చుకుంది. వచ్చినవాళ్లు ఎక్కడ కొండెక్కుతారోనని దుర్గమ్మ గుడిని మూడు రోజులు మూసేశారు! ఇంద్రకీలాద్రి మెట్లెక్కినప్పుడల్లా నాకు ఆ మూసిన తలుపులే గుర్తొస్తాయి.

1931 జనాభా లెక్కల్లోకి 'ఆది ఆంధ్ర' పేరు ఎక్కింది. ఆయన 1939లో కన్నుమూశారు.