పది శాతం వాటా లేకపోతే కేసు వేయలేమా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఏడుగురు వాటాదారులం. ఎండీగా ఉన్న మా చిన్నాన్న నాకు చెప్పకుండా పోయిన ఏడాది కొత్త షేర్లు తన పేర రాసుకున్నారు. నా 12 శాతం కాస్తా 8 అయింది. 10 శాతం లేనిదే కేసు వేయలేరని ఆడిటర్ అంటున్నారు. సింగపూర్‌లో ఉన్న మా అబ్బాయేమో ఒక్క షేరున్నా చాలంటున్నాడు. ఏది నిజం? - ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే, కాకపోతే అక్కడి వరకే. సింగపూర్ కంపెనీల చట్టం 216వ సెక్షన్ కింద సభ్యుడైతే చాలు, వాటా ఎంతని అడగరు. మలేషియా 2016 చట్టం 346వ సెక్షన్ కూడా అంతే. మీ కంపెనీ రిజిస్టరైంది ఇక్కడ కాబట్టి మన 2013 కంపెనీల చట్టమే వర్తిస్తుంది.

చిన్న వాటాదారుల అణచివేత మీద కేసు ఎవరు వేయొచ్చో అందులోని 244వ సెక్షన్ చెబుతుంది. ఆడిటర్‌గారు దాన్ని సగమే చదివినట్టున్నారు. ఆయన ఫీజు ఎవరిస్తారో నేను అడగను. వాటా మూలధనంలో పదో వంతు ఉండాలన్నది ఒక దారి. రెండోది తలల లెక్క: వంద మంది సభ్యులు, లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, ఏది తక్కువైతే అది. ఏడుగురిలో పదో వంతంటే ఒక్కరు కూడా కారు! అంటే 8 శాతమైనా, ఒక్క శాతమైనా మీరొక్కరే వేయొచ్చు. ఈ రెండూ కుదరనివాళ్లు ఈ కేసులు వినే జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్‌ను (ఎన్‌సీఎల్‌టీ) మినహాయింపు అడగొచ్చు. టాటా సన్స్ వివాదంలో మిస్త్రీ కుటుంబ కంపెనీలకు 2017లో అప్పిలేట్ ట్రిబ్యునల్ అలాగే ఇచ్చింది.

అయితే 2021లో సుప్రీంకోర్టులో వాళ్లు ఓడిపోయారు. సైరస్ మిస్త్రీని ఛైర్మన్ పదవి నుంచి తీసేసినంత మాత్రాన అణచివేత కాదని కోర్టు చెప్పింది. అందుకే మీరు పాత మనస్పర్థలన్నీ ఏకరువు పెట్టకుండా షేర్ల కేటాయింపు మీదే నిలబడండి. 62వ సెక్షన్ ప్రకారం కొత్త షేర్లను ఉన్న వాటాదారులందరికీ దామాషాలో ఆఫర్ చేయాలి. అలా కాకుండా ఒకరికే ఇవ్వాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి, అందుకు మీటింగు నోటీసు మీకూ రావాలి. ఏదీ రాకపోతే మీ కేసుకు బలం ఉన్నట్టే. రుజువైతే ట్రిబ్యునల్ ఆ కేటాయింపును రద్దు చేయొచ్చు, లేదా మీ వాటాను వాళ్లే కొనుక్కోవాలని ఆదేశించొచ్చు.

తిరుపతి సివిల్ కోర్టులో వేయకండి, ట్రిబ్యునల్ తేల్చాల్సినవి సివిల్ కోర్టు వినకూడదనే 430వ సెక్షన్ అడ్డొస్తుంది. ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌కు వెళ్లాలి. ముందుగా కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి పీఏఎస్-3 ఫారం తీయించండి. ఎవరికి, ఎప్పుడు, ఎంత ధరకు షేర్లు ఇచ్చారో అందులో ఉంటుంది. మీ షేర్ల మీద కంపెనీకి కట్టాల్సిన సొమ్ము ఏదైనా మిగిలుంటే అది కట్టి రసీదు తీసుకున్నాకే పిటిషన్ వేయండి, బాకీ ఉన్నవారికి 244 కింద అర్హత ఉండదు.