స్లీవ్ సర్జరీకి ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: నా భార్యకు 41 ఏళ్లు. ఎత్తు 160 సెం.మీ., బరువు 98 కిలోలు, ఆరేళ్లుగా షుగర్. డాక్టర్ స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్ట సైజు తగ్గించే ఆపరేషన్) చేయించుకోమన్నారు. 4.2 లక్షలు అవుతుందట. 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే) ఆరోగ్య బీమా పాలసీ తీసుకుని 26 నెలలైంది. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసేసి, మిగతాది పర్సనల్ లోన్ పెట్టమంటారా? - ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎఫ్‌డీ జోలికి అప్పుడే వెళ్లకండి. ముందు పాలసీ ఎక్స్‌క్లూజన్లలో (వర్తించని ఖర్చుల జాబితాలో) ఊబకాయం గురించి రాసిన 06 కోడ్ చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం ఈ సర్జరీకి క్లెయిమ్ రావాలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చెప్పే లెక్క) కనీసం 40 ఉండాలి. లేదా 35 ఉండి, అదుపులో లేని టైప్-2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బు లాంటిదేదో తోడుండాలి. పైగా సర్జరీ లేని మార్గాలు ఫలించలేదని తేలాలి. మీ ఆవిడ బీఎంఐ (98 కిలోలను మీటర్లలో ఎత్తు 1.6 × 1.6తో భాగిస్తే) 38.3. అంటే మీ క్లెయిమ్ నిలబడేదీ, పడేదీ షుగర్ మీదే.

మనవాళ్లకు డాక్టర్లు ఇంతకంటే తక్కువ బీఎంఐకే సర్జరీ సూచిస్తుంటారు. ‘డాక్టరే రాశారుగా’ అనుకుంటే దెబ్బతినేది ఇక్కడే. కేసు షీటులో ‘షుగర్ ఉంది’ అంటే చాలదు, ‘అదుపులో లేదు’ అని ఉండాలి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు, వాడిన మందుల చీటీలు, డైటీషియన్ కాగితాలు జత చేయండి.

ఇక వెయిటింగ్, అంటే పాత జబ్బులకు పాలసీ వర్తించని తొలి కాలం. పాలసీకి ముందునుంచీ షుగర్ ఉంది కాబట్టి, ప్రపోజల్ ఫారంలో చెప్పారా లేదా అన్నదే అసలు ప్రశ్న. చెప్పకపోతే క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీ కూడా రద్దు కావచ్చు. చెప్పి, మీ పాలసీలో వెయిటింగ్ 36 నెలలైతే ఇంకో పది నెలలు. ఆగొచ్చో లేదో చెప్పాల్సింది డాక్టరే, నేను కాదు. ఆగకూడదంటే మీ ఆఫీసు గ్రూప్ పాలసీ చూడండి, చాలావాటిలో వెయిటింగ్ ఉండదు. అదీ లేకపోతే ఎఫ్‌డీ మీద లోన్ తీసుకోండి, పర్సనల్ లోన్ కంటే వడ్డీ చాలా తక్కువ.

గది విషయంలో జాగ్రత్త. పాలసీలో రోజుకు 5,000 పరిమితి ఉండి, 8,000 గది తీసుకుంటే కోత పడేది గది అద్దెకే కాదు. సర్జన్, థియేటర్ చార్జీలు 2 లక్షలైతే ఎనిమిదింట ఐదు వంతులే, అంటే 1.25 లక్షలే ఇస్తారు. 75,000 మీ జేబులోంచే. (మందులు, పరికరాలకు ఈ కోత లేదు.)

స్లీవ్‌లో పొట్టలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు, మళ్లీ పెట్టలేరు. ఆ తర్వాత బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ, ఏటా రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. ఇవి నెలవారీ బడ్జెట్‌లో వేసుకోండి. వేలాడే చర్మానికి చేసే సర్జరీని మాత్రం సౌందర్య చికిత్సగా చూసి పాలసీ ఇవ్వదు. ఆమెకు ఛాతీలో మంట ఎక్కువుంటే స్లీవ్‌తో అది పెరగొచ్చు, గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గించే మరో పొట్ట ఆపరేషన్) గురించి అడగండి. ఆపరేషన్ మారితే అంచనా కూడా మారుతుంది, కొత్త అంచనాతోనే ప్రీ-ఆథరైజేషన్ (బీమా కంపెనీ ముందస్తు అనుమతి) పెట్టించండి.